జడ కట్టిన తల
(నాగోల్‌లో చేసిన సిస్టరమ్మ స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసానికి ఏ విషయం తీసుకుంటారని నిర్వాహకులు అడిగితే ‘జడలు’ అన్నాను. చర్మవ్యాధుల డాక్టరును కాబట్టి బొల్లి గురించో, తామర గురించో చెబుతానని వాళ్లు అనుకుని ఉండవచ్చు. కానీ సిస్టరమ్మతో కలిసి చేసిన పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది జడలే. పూలు ముడుచుకునే వాలుజడ సంగతి కాదు నేను చెప్పేది. దువ్వెన తగలక వెంట్రుకలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, పేనుకుపోయి, గట్టిపడ్డ జడ సంగతి. శివుడి జటాజూటమైనా, జమైకా పాటగాడి డ్రెడ్‌లాక్స్ అయినా, మన ఊళ్లలో ‘ఎల్లమ్మ జడ’ అని దండం పెట్టేదైనా పదార్థం ఒక్కటే. దానికి మనుషులు ఇచ్చుకున్న అర్థాలే వేరు. ఒక తల మీద అది తపస్సు. ఒక తల మీద తిరుగుబాటు. ఇంకో తల మీద ఆడపిల్ల చదువు మాన్పించే శాసనం. ఈ తేడా జుట్టులో లేదు. జడ ఉంచాలో తీయాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

సిస్టరమ్మ ఏఎన్‌ఎం నర్సుగా తిరిగిన రోజుల్లో నాగోల్‌కు మెట్రో లేదు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి రైలు ఇక్కడిదాకా వచ్చేనాటికే ఆమె రిటైరైపోయింది. టీకాల డబ్బా భుజాన వేసుకుని మూసీ ఒడ్డు గుడిసెల నుంచి నాచారం ఫ్యాక్టరీల వెనక కూలీల గదుల దాకా నడిచే వెళ్లేది. భువనగిరి, ఆలేరు, జనగామ వైపు నుంచి బతుకుదెరువుకు బస్సెక్కిన వాళ్లు ఉప్పల్‌లో దిగి, ఆ చుట్టుపక్కలే గది వెతుక్కుంటారు. వాళ్లతో పాటు వాళ్ల దేవతలూ దిగుతారు. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ ఆ గదుల్లోనే ఒక మూల పసుపు బొట్లై ఉంటారు. సిస్టరమ్మ ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ మూలకు దండం పెట్టుకున్నాకే పిల్లల చేతుల మీద టీకా మచ్చలు వెతికేది. ఆ దండం నటన కాదు. ఆమె ఎల్లమ్మను కొలిచిన మనిషే. జడల విషయంలో ఆమె మాట చెల్లడానికి సగం కారణం అదే.

ముందు జడ ఎలా కడుతుందో చెప్పాలి. భయం సగం ఇక్కడే తగ్గుతుంది.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. రోజుకు యాభై నుంచి నూరు దాకా వాటంతట అవే ఊడుతుంటాయి. దువ్వుకుంటే దువ్వెనకు వస్తాయి, తలంటుకుంటే నీళ్లలో పోతాయి. దువ్వకపోతే ఊడిన వెంట్రుక ఎక్కడికీ పోదు, ఊడని వెంట్రుకల మధ్యనే చిక్కుకుంటుంది. వెంట్రుక నున్నగా కనిపిస్తుంది గానీ, మైక్రోస్కోపు కింద చూస్తే ఇంటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు దాని ఒళ్లంతా పొలుసులు ఉంటాయి. పొలుసుల అంచులన్నీ కొసవైపు తిరిగి ఉంటాయి. రెండు వెంట్రుకలు ఎదురుబొదురుగా రాసుకుంటే ఈ అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తడి, చెమట, జిడ్డు, దిండు రాపిడి తోడైతే ఆ పట్టు బిగుస్తుంది. గొర్రె బొచ్చును తడిపి తొక్కి గట్టి బట్టగా చేసేటప్పుడు జరిగేది కూడా అచ్చంగా ఇదే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ముడి కూడా దాంతో పాటే బరువెక్కుతుంది. వైద్యంలో దీన్ని ప్లైకా న్యూరోపతికా అంటారు. 1884లో లే పేజ్ అనే డాక్టరు పదిహేడేళ్ల అమ్మాయి తలలో ఉన్నట్టుండి కట్టిన జడ గురించి రాసినప్పటి నుంచి ఆ పేరు వాడుకలో ఉంది.

ఉన్నట్టుండి అన్న మాట దగ్గర ఆగాలి. మా దగ్గరికి వచ్చే ప్రతి తల్లీ చెప్పేది అదే. “రాత్రి మంచిగనే పండుకుంది, పొద్దుగాల లేసేసరికి జడ పడ్డది.” ఆమె అబద్ధం చెప్పడం లేదు. టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరమో, కాన్పో అయిన రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా చాలా ఊడుతుంది. జ్వరంలో మంచం మీద ఉన్న పిల్లకు దువ్వెన పెట్టరు. అప్పటికే లోపల చిక్కు పేరుకుని ఉంటుంది. జ్వరం తగ్గి మొదటిసారి తల స్నానం చేయించిన రోజు ఆ చిక్కంతా తడిసి దగ్గరికి లాగుకుంటుంది. ఆ మర్నాడు అది కంటబడుతుంది. జ్వరం తెచ్చిందీ అమ్మవారే, తగ్గించిందీ అమ్మవారే అని నమ్మిన ఇంట్లో, జ్వరం వెనకాలే వచ్చిన జడ ఎవరిదవుతుంది? పిల్లను తనకిమ్మని అమ్మవారు పెట్టిన గుర్తని పెద్దవాళ్లు అనుకోవడంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్కను వెక్కిరించి జడ తీయించలేమని నాకు నేర్పింది సిస్టరమ్మే.

ఒక పాపను ఆమె నా క్లినిక్‌కు తీసుకొచ్చింది. ఐదో తరగతి చదువుతూ మానేసిన పిల్ల. మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంది. తల వెనక కుడివైపు నా పిడికిలికి పట్టనంత ముద్ద, దాని మీద పసుపు, బండారి, ఎండిన వేపాకులు. తల్లి తాపీపని దగ్గర సిమెంటు మోసే కూలీ. గుమ్మంలోనే చెప్పేసింది, “గది ఎల్లమ్మ తల్లిది మేడం. కత్తెర వెట్టిన్రంటే పిల్ల దక్కదు.” నేను పొలుసుల సంగతి మొదలుపెట్టబోయాను. సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “కత్తెర మాటే లేదు బిడ్డా. తల్లి ఇచ్చిందాన్ని తల్లికి మొక్కే చూద్దాం. నువ్వు జర కూసో” అని, గిన్నెలో కొబ్బరినూనె వేడి చేయించింది. పాపను ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని స్వెటర్లు అల్లే సూదితో పని మొదలుపెట్టింది. చిక్కు తీసేటప్పుడు చాలామంది కుదురు దగ్గర మొదలుపెడతారు, పిల్ల గుండె పగిలేలా ఏడుస్తుంది. ఆమె కొస దగ్గర మొదలుపెట్టింది. కొస కింద వేలు ఆనించి, సూది మొనతో నాలుగైదు వెంట్రుకల చొప్పున విడదీస్తూ, విడిపోయిన పాయకు మళ్లీ నూనె రాస్తూ పైకి వచ్చింది. నేను పేషెంట్లను చూసి వచ్చి చూస్తే జానెడు విడిపోయింది. మళ్లీ వెళ్లి వచ్చేసరికి పాప నిద్రపోయింది.

చీకటి పడే వేళకు ముద్ద నడిమధ్యలో సూదికి ఏదో తగిలింది. మెల్లగా బయటికి తీస్తే సాగి తెగిపోయిన ఎర్ర రబ్బరుబ్యాండు. తల్లి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. “గిది నేనే వెట్టిన మేడం. దవాఖానల శరీకు జేసిన్నాడు నేనే వెట్టిన” అంది. జడ ఎక్కడ మొదలైందో నేను ఎంత చెప్పినా ఆమె నమ్మేది కాదు, ఆ రబ్బరుబ్యాండు నమ్మించింది. సిస్టరమ్మ ఊడిన వెంట్రుకలన్నీ పసుపుబట్టలో కట్టి తల్లికిచ్చింది. “తల్లి గుడికాడ వెట్టి మొక్కు. నీ జడ నీకిచ్చిన, నా పిల్లను నాకియ్యమను” అంది. ఆ మొక్కు వల్ల ఆ ఇంట్లో భయం పోయింది. పాప బడికి వెళ్లింది.

ఇప్పుడు పాత సంగతులకు వెళదాం. జడ తీస్తే దేవతకు కోపం వస్తుంది, మన సంప్రదాయమే అది అనే పెద్దలు ఈ సభలోనూ ఉండవచ్చు. వాళ్లతో సంప్రదాయంలో నిలబడే మాట్లాడతాను.

రుగ్వేదం పదో మండలంలో నూట ముప్పైయారో సూక్తం ఒక పొడుగుజుట్టు మునిది. గాలిని కట్టుకుని, మట్టిరంగు బట్టల్లో తిరిగే ఆ కేశిని చూసి మామూలు జనం ఆశ్చర్యపడతారు. ఇళ్లూ వాకిళ్లూ విడిచినవాడికి జుట్టు దువ్వుకోకపోవడం గుర్తు అనే భావన అంత పాతది. మనువు వానప్రస్థుడికి జటలు విధించాడు. అయితే అవి ఒక దశకు చెందిన గుర్తులు, ఆ దశలోకి మనిషి నడిచి వెళతాడు. మనకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ రాముడే. గంగ ఒడ్డున శృంగిబేరపురంలో గుహుణ్ణి మర్రిపాలు తెమ్మని అడిగి, ఆ పాలతో తనకూ లక్ష్మణుడికీ తానే జటలు కట్టాడని వాల్మీకి చెబుతాడు. గమనించండి, రాముడి తల మీద జడ దానంతట అది ‘పడలేదు’. అడవికి వెళ్లాలని ఒప్పుకున్నాక, తన చేత్తో తాను కట్టుకున్నాడు. నందిగ్రామంలో భరతుడూ అలాగే కట్టుకున్నాడు. పద్నాలుగేళ్లు నిండాక ఏమైంది? యుద్ధకాండ చివర ఆ నందిగ్రామంలోనే శత్రుఘ్నుడు మంగలివాళ్లను పిలిపిస్తాడు. చెయ్యి మెత్తనివాళ్లు, పని చురుకైనవాళ్లు అని వాల్మీకి వాళ్లను మెచ్చుకుంటాడు. రాముడు జటలు తీయించుకుని, తలంటుకుని, అప్పుడు పట్టాభిషేకానికి కూర్చుంటాడు. భద్రాచలం కల్యాణానికి ఏటా వెళ్లే మనం ఆ మంగలివాళ్లను తలుచుకోం గానీ, నాకు ఆ ఘట్టం చాలా ముఖ్యం. దీక్ష పట్టినవాడే దీక్ష విప్పాడు. జడ తీసినందుకు ఏ దేవుడూ కోపగించలేదు.

బౌద్ధుల కథ ఇంకా బాగుంటుంది. ఉరువేలలో కాశ్యపులు ముగ్గురు అన్నదమ్ములు, వేయిమంది శిష్యులున్న జటిలులు, నిప్పును కొలిచేవాళ్లు. పెద్దాయన బుద్ధుడి వెంట నడవాలనుకున్న రోజున తానూ తన శిష్యులూ జటలు కోసి నదిలో వదిలారు. దిగువన ఉన్న తమ్ముళ్లు నీళ్లలో కొట్టుకొస్తున్న జుట్టు చూసి అన్నకు ఏ ఆపద వచ్చిందోనని పరుగున వచ్చారని వినయ పిటకం చెబుతుంది. వాళ్లూ మారిపోయారు. మరోవైపు కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు గూఢచారుల వేషాల్లో జడల తాపసిని కూడా చేర్చాడు. అంటే ఆ రోజుల్లోనే జడను చూసి జనం ఎంతగా నమ్మేవారో, ఆ నమ్మకాన్ని పాలకులు ఎంత బాగా వాడుకున్నారో తెలుస్తుంది. మన వేమన జడలు పెంచిన యోగుల మీద విసిరిన మాటలు మీకు నోటికి వచ్చు, నేను మళ్లీ చెప్పక్కర్లేదు.

వీళ్లంతా మగవాళ్లు. జట కట్టుకున్నా, కోసి నదిలో వేసినా, వేషం వేసినా నిర్ణయం వాళ్లది. ఇదే జడ మన పల్లెల్లో మాదిగ ఇంటి పిల్ల తల మీద, మాల ఇంటి పిల్ల తల మీద కనపడితే కథ తిరగబడింది. పిల్లను ఎవరూ అడగలేదు. ఎల్లమ్మ అడిగిందని ఊరు చెప్పింది. దేవత పేరున పిల్లను విడిచారు, జోగిని అన్నారు. పెళ్లి లేదు, ఇల్లు లేదు. ఊళ్లో పెద్దమనుషుల చూపు పడితే కాదనే హక్కు లేదు. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు లేదు. జోగినిగా విడిచిన ప్రతి పిల్లకూ జడ ఉందని కాదు, జడ పడిన ప్రతి పిల్లా జోగిని కాలేదు. కానీ విడవాలని ఊరు అనుకున్నప్పుడు జడ గొప్ప సాక్ష్యంగా పనికొచ్చింది.

దీని పక్కన ఇంకో తలను పెట్టి చూడండి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించిన నాటికి, అగ్రహారాల్లో పదేళ్ల విధవరాలికి కూడా గుండు చేయించేవారు. 1890లో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే పూనికతో మంగలివాళ్లు, ఇక మీదట విధవల తల గొరగం అని సమ్మె చేశారు. అగ్రహారంలో ఆడదాని తల గొరిగి మగవాడి లేమిని చూపించారు. వాడలో ఆడదాని తలకు కత్తెర తగలనివ్వకుండా ఆమెను ఊరందరి సొత్తని చూపించారు. ఒకచోట గుండు, ఒకచోట జడ, రెండుచోట్లా తల ఆమెది కాదు. గుండును మన సంస్కర్తలు నూట నలభై ఏళ్ల కిందటే ప్రశ్నించారు. జడ దగ్గరికి రావడానికి చాలా కాలం పట్టింది, ఎందుకంటే అది వాడలో ఉంది.

వచ్చినవాళ్లలో హేమలతా లవణం పేరు నేను మొదట చెబుతాను. గుర్రం జాషువా కూతురు, గోరా కోడలు. స్టువార్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాలతో పని చేసిన చేత్తోనే, 1980లలో నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య కూర్చుంది. ‘సంస్కార్’ సంస్థ తరఫున వాళ్లకు పనులు నేర్పించింది, పెళ్లిళ్లు చేయించింది, వాళ్ల పిల్లల్ని బళ్లో వేయించింది. ఆ కదలిక వెనకాలే 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ (అంకిత నిషేధ) చట్టం వచ్చింది. జోగిని, బసివి, మాతమ్మ, ఏ పేరుతోనైనా సరే, ఆడపిల్లను దేవతకు విడవడం నేరం. అలా విడిచిన స్త్రీ చేసుకునే పెళ్లి పూర్తిగా చెల్లుతుంది. ఈ చట్టం ఇవాళ తెలంగాణలోనూ అమల్లో ఉంది.

ఆషాఢంలో సికింద్రాబాద్ లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి జోగిని రంగం (భవిష్యవాణి) చెబుతుంది. మంత్రులు చేతులు కట్టుకుని వింటారు, వానలు ఎలా ఉంటాయో ఆమెను అడుగుతారు, టీవీలన్నీ చూపిస్తాయి. నేనూ చూస్తాను, నాకూ ఒళ్లు జలదరిస్తుంది. అమ్మవారి గొంతుగా ఆమె మాటను అంత గౌరవంగా వినే నగరం, జోగినులు ఇల్లడిగినప్పుడు, బడిలో తండ్రి పేరు గడి ఖాళీగా ఉంచినప్పుడు, అదే శ్రద్ధతో వినాలని నా కోరిక.

జడకు భయపడింది మనమొక్కళ్లమే కాదు. పోలండులో రైతుల తలల్లో కట్టే ఇలాంటి ముడిని ‘కొల్టున్’ అనేవారు. ఒంట్లో రోగం ఆ ముడిలోకి దిగుతుందని, కత్తిరిస్తే గుడ్డితనమో పిచ్చో వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రాకోవ్ డాక్టరు యూజెఫ్ డీట్ల్ దానికి వ్యతిరేకంగా పట్టుబట్టి ప్రచారం చేశాడు. అక్కడ ఎల్లమ్మ లేదు. అయినా భయం అదే, బెదిరింపు అదే.

మరి జడను చూసి పాలకులు భయపడిన చోట్లు కూడా ఉన్నాయి. జమైకాలో రాస్తాఫారీలది 1930 నవంబరు 2న ఇథియోపియా చక్రవర్తిగా హైలే సెలాసీ కిరీటం పెట్టుకున్నాక పుట్టుకొచ్చిన ఉద్యమం. నల్లవాళ్లను బానిసలుగా తెచ్చిన దీవిలో, తమ రాజు ఆఫ్రికాలో ఉన్నాడని చెప్పిన పేదల మతం. వాళ్లందరూ మొదటినుంచీ జడలు పెంచలేదు. 1940ల చివర్లో కొందరు యువకులు మొదలుపెట్టారు. దువ్విన జుట్టు తెల్లవాడి మెప్పు కోసం, దువ్వని జుట్టు మా దేవుడి కోసం అన్నారు. బైబిలులో మొక్కు ఉన్నవాడి తలకు మంగలికత్తి తగలకూడదన్న నియమం వాళ్లకు ఆధారం. మన సంబంధం కూడా ఒకటి ఉంది. 1845 నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఓడల్లో చెరుకుతోటల కూలికి వెళ్లిన భారతీయులు అక్కడ సాధువుల అలవాట్లను నాటారని, రాస్తాల జడల్లో, గంజాయిలో ఆ ఛాయ ఉందని అజయ్ మాన్‌సింగ్, లక్ష్మీ మాన్‌సింగ్ వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. కెన్యా అడవుల్లో బ్రిటిష్‌వాళ్లతో పోరాడిన మౌ మౌ యోధుల ఫోటోలే వాళ్లకు ప్రేరణ అనేవాళ్లున్నారు. నా మటుకు నేను ఒక్క తల్లివేరు కోసం వెతకను. వెంట్రుకకు పొలుసులున్న ప్రతిచోటా జడ కడుతుంది, ప్రతి సమాజమూ దానికి తన బాధనో తన భక్తినో ఇస్తుంది. బాబ్ మార్లే ఆ జడలతో ప్రపంచమంతా పాడకముందు జమైకా పోలీసులు రాస్తాలను పట్టుకుని బలవంతంగా జడలు కోసేవారు. 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్ దగ్గర జరిగిన దాడులు, అరెస్టులు వాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ దేశ ప్రధాని 2017లో క్షమాపణ చెప్పాడు.

కెన్యాలో ముతోనీ వా కిరిమా అనే మౌ మౌ వీరవనిత ఉండేది, ఫీల్డ్ మార్షల్ అనేవారు. 1950లలో అడవిలో కట్టిన జడను స్వాతంత్ర్యం వచ్చాక కూడా తీయలేదు. తాము పోరాడింది పూర్తిగా దక్కలేదన్నది ఆమె బాధ. దశాబ్దాల తర్వాత, 2022 ఏప్రిల్‌లో, ముసలితనంలో, తానే పిలిచి, తొలి అధ్యక్షుడి భార్య మామా న్గినా కెన్యాటా చేత నలుగురి ముందు ఆ జడ తీయించుకుంది. మరుసటి ఏడాది కన్నుమూసింది. మర్రిపాలతో జట కట్టుకుని పట్టాభిషేకం నాడు విప్పిన రాముడి పక్కన ఈమెను కూర్చోబెట్టాలనిపిస్తుంది నాకు.

బలవంతంగా కోసిన పోలీసుల మాట చెప్పాక, మన సంస్కర్తల కత్తెర గురించి కూడా అడగాలి. ఉత్తర కర్ణాటకలో ఎల్లమ్మకు విడిచిన జోగతుల మధ్య ఉండి పరిశోధన చేసిన లుసిండా రాంబెర్గ్ 2009లో ఒక వ్యాసం రాసింది. జడలో దేవతను చూస్తున్న స్త్రీకి, దాన్ని మురికిగా చూసి కత్తిరించే సంస్కర్త ఏం చేస్తున్నాడని ఆమె ప్రశ్న. అంతకు ముందు 1981లో గణనాథ్ ఒబేశేఖర శ్రీలంకలోని కతరగమ గుడి దగ్గర జడలు కట్టిన స్త్రీల జీవితాలు రాశాడు. ఒక్కొక్కరి జడ వెనక ఒక్కో దుఃఖం, చెడిన కాపురం, పోయిన మనుషులు. ఆ దుఃఖానికి సమాజంలో ఒక గౌరవస్థానం దొరికింది జడ ద్వారానే. ఇటు మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి కార్యకర్తలు వందల తలల జడలు విప్పారు. 2013 ఆగస్టు 20న పుణెలో దాభోల్కర్‌ను కాల్చి చంపాక కూడా ఆ పని ఆపలేదు. వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. రాంబెర్గ్ ప్రశ్న మీదా గౌరవం ఉంది. ఈ రెంటి మధ్య ఎలా నడవాలో పుస్తకాల్లో దొరకలేదు, సిస్టరమ్మ దగ్గర దొరికింది.

నాగోల్ దగ్గరే ఒక ముసలామె ఉండేది. నడుము దాటిన జడ, చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుంటే కుండంత. లోపల పేలు, కుదుళ్లలో పుండ్లు, మెడ నరాల నొప్పి. తీసేద్దామంటే ఆమె నా కళ్లలోకి చూసి, “జడ దీస్తే నాకు బువ్వ ఎవ్వలు వెడ్తరు బిడ్డా?” అంది. వారాలకూ పండుగలకూ ఇంటింటికీ వెళితే బియ్యం పోసేది ఆ జడకే. ఆమెకు దేవత, జీతం, పింఛను అన్నీ అదే. సిస్టరమ్మ ఒక్కసారి కూడా మళ్లీ తీద్దామనలేదు. పేలకు మందు వేసింది. జడను పాయలుగా పట్టి కడిగి, ఎండలో కూర్చోబెట్టి పూర్తిగా ఆరాకే లేవనిచ్చేది, తడి ఉంటేనే పుండు పడుతుందని. బరువు మెడ మీద పడకుండా మెత్తని నూలుబట్టతో కట్టడం నేర్పింది. ఒంటరి మహిళల పింఛనుకు కాగితాలు రాయించి ఆఫీసు చుట్టూ తనే తిరిగింది. పింఛను వచ్చాక కొన్నాళ్లకు ఆ ముసలామె తానే సగం కోయమంది. “బరువైతుంది సిస్టరమ్మా, తల్లి ఏమనదు తియ్” అంది. మిగిలిన సగం ఆమెతోనే పోయింది. అన్నం దారి దొరికేవరకూ జడ తీయమనే హక్కు మనకు లేదని నాకు ఆ రోజు అర్థమైంది. పెద్దవాళ్ల విషయంలో నా మాట ఇంతే. ఆమె అడగాలి, అప్పుడు తీయాలి.

పసిపిల్లల సంగతి అలా కాదు. పదేళ్ల పిల్ల జడను కోరుకోలేదు, మొక్కలేదు. ఆమె తరఫున ఊరు ఒప్పుకుంటే అది భక్తి కాదు, నేరం. అక్కడ ఆగడానికి వీల్లేదు.

ఈ మధ్య ఉప్పల్ స్టేడియం స్టేషన్లో దిగే కుర్రాళ్లలో డ్రెడ్‌లాక్స్ వేయించుకున్నవాళ్లు కనపడుతున్నారు. క్రిస్ గేల్‌ను చూసి ఒకడు, మార్లే టీషర్టు వేసుకుని ఒకడు. సెలూన్లో క్రోషె సూదితో పాయపాయనూ గంటల తరబడి గుచ్చి గుచ్చి చిక్కు వేస్తారు. సిస్టరమ్మ సూదితో విప్పిన చిక్కును వాళ్లు సూదితో వేయించుకుంటున్నారు. పెద్దవాళ్లు విసుక్కుంటారు, ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడే కంపెనీలూ ఉన్నాయి. జుట్టు తీరును బట్టి నల్లవాళ్లకు బడిలో, కొలువులో వివక్ష చూపకూడదని అమెరికాలో కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది. నేను ఆ కుర్రాళ్లకు చెప్పేది రెండే. కుదుళ్లు మరీ బిగించి లాగకండి, అంచుల్లో జుట్టు శాశ్వతంగా పోతుంది. రెండోది, మీరు మెచ్చి పెట్టుకున్న ఈ జడ కోసం జమైకాలో మనుషులు దెబ్బలు తిన్నారు, మన తెలంగాణలో ఇదే జడ వల్ల ఆడపిల్లలు బడి పోగొట్టుకున్నారు. ఇష్టంగా పెట్టుకోండి, తెలిసి పెట్టుకోండి.

చివరగా ఈ సభలో ఉన్న టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ అక్కలకు, బ్యూటీపార్లర్లు నడిపే చెల్లెళ్లకు, మంగలిషాపు అన్నలకు నా విన్నపం. జ్వరం నుంచి లేచిన పిల్ల తలలో చిక్కు కనపడితే ఆ వారమే నూనె పెట్టి, కొస నుంచి దువ్వడం మొదలుపెట్టండి. తొలి నెలల్లో చాలా జడలు విడిపోతాయి. విడకపోతే చర్మవైద్యుల దగ్గరికి పంపండి. జడ కట్టిందని పిల్లను బడి నుంచి పంపేయకండి, ఆ పిల్లకు బడి ఒక్కటే కాపలా. బలవంతంగా కత్తెర పెట్టకండి, తల్లిని వెక్కిరించకండి, ఆమె మొక్కు తీర్చుకునే దారి ఆమెకు ఉంచండి. పిల్లను దేవతకు విడుస్తున్నారని చెవిన పడితే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులు పడవు. నా క్లినిక్‌లో జడ విప్పడానికి ఫీజు లేదు, సిస్టరమ్మ బతికున్నప్పుడు కూడా లేదు. తీసుకురండి.